నాగార్జునకొండకు ఒక్క రోజులో: సొంత కారా, అద్దె కారా, ప్యాకేజీ బస్సా, ఆర్టీసీనా?

హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరి నాగార్జునకొండ చూసి రాత్రికి ఇంటికొచ్చేద్దామనుకునేవాళ్లు నన్ను అడిగేవన్నీ రోడ్డు గురించిన ప్రశ్నలే. ఎన్ని గంటలు పడుతుంది, రోడ్డు ఎలా ఉంది, టిఫిన్ ఎక్కడ చేయాలి. లాంచీ ఎన్నింటికి అని మాత్రం ఎవరూ అడగరు. ఆ రోజంతా ఆ లాంచీ చేతిలోనే ఉంటుంది. మ్యూజియం ఉన్నది చుట్టూ కృష్ణ నీళ్లున్న దీవి మీద. లాంచీ దొరక్కపోతే 150 కిలోమీటర్లు వెళ్లి, గట్టు మీద నిలబడి, దూరంగా కనబడే కొండకు ఒక దండం పెట్టి రావాల్సిందే.

నేను అలా ఒకసారి దండం పెట్టి వచ్చాను. మొత్తం నాలుగుసార్లు వెళ్లాను, నాలుగు రకాలుగా. చదువుకునే రోజుల్లో ఆర్టీసీ బస్సులో, పెళ్లయ్యాక అత్తగారి వాళ్లతో ప్యాకేజీ బస్సులో, ఆ తర్వాత సొంత కారులో, కిందటి చలికాలం అమ్మానాన్నలతో డ్రైవర్ ఉన్న అద్దె కారులో. నాలుగింటిలో ఏది మంచిదని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. మీతో ఎవరెవరు వస్తున్నారు, మీకు ఆ మ్యూజియం మీద ఎంత ఆసక్తి ఉంది అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

బండి సంగతి తర్వాత, ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, రేవుకి ఎన్నింటికి చేరగలరు? లాంచీలు రోజుకి కొన్నే తిరుగుతాయి. పొద్దున లాంచీ అందుకుంటే మధ్యాహ్నం మీ చేతిలో ఉంటుంది. అది పోతే మధ్యాహ్నం దాకా గట్టు మీదే కూర్చోవాలి. అంటే ఎల్బీనగర్ దగ్గర ఉన్నవాళ్లు ఐదున్నరకల్లా, కూకట్‌పల్లి, మియాపూర్ వైపువాళ్లు ఐదింటికే ఇల్లు కదలాలి. ఇంట్లో పిల్లల్ని ఆ టైముకి లేపి స్నానం చేయించడం మీ వల్ల అవుతుందా అన్నది మీకే తెలియాలి.

రెండోది, లాంచీ ఆ రోజు నడవకపోతే ఏం చేస్తారు? గాలి ఎక్కువగా ఉన్నా, జలాశయంలో నీళ్లు బాగా పడిపోయినా, వారం మధ్యలో జనం సరిపడా రాకపోయినా లాంచీ ఆగిపోవచ్చు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం బోట్లు ఆపేశారు. కాబట్టి రెండో ప్లాన్ లేకుండా బయల్దేరకూడదు. ఆ రెండో ప్లాన్ అమలు కావాలంటే బండి మీ మాట వినేదై ఉండాలి. నాలుగు పద్ధతుల మధ్య అసలు తేడా అంతా ఇక్కడే.

మూడోది, మ్యూజియంలో ఎంతసేపు ఉంటారు? అరగంట చాలనుకునేవాళ్లకి ఏ పద్ధతైనా ఒకటే. ప్రతి శిల్పం ముందూ ఆగేవాళ్లు మాత్రం ఇంకొంచెం ఆలోచించుకోవాలి.

నాలుగోది, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుంది? దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పొద్దున నాలుగున్నరకి లేచి, ఎండలో మెట్లెక్కి, చేపల వేపుడుతో కడుపు నిండా తిన్న మనిషి సాయంత్రం ఐదున్నరకి మూడు గంటల డ్రైవింగ్ మొదలుపెట్టాలి.

డబ్బు ఐదోది. దాని లెక్క కింద చెబుతాను, మీరు అనుకున్నంత తేడా ఉండదు.

అసలు ఆ మ్యూజియంలో ఏముందని ఇంత హడావుడి?

ఇది తెలియకపోతే పైన మూడో ప్రశ్నకు జవాబు చెప్పుకోలేరు. అందుకే కాసేపు బండి సంగతి పక్కనపెడతాను.

నల్లమల కొండల మధ్య ఇప్పుడు నీళ్లున్న చోట ఒకప్పుడు లోయ ఉండేది. శాతవాహనుల తర్వాత మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఆ లోయలోనే. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు అక్కడ ఒక పాత స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి చెప్పడంతో కథ మొదలైంది. ఆ వెంటనే పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. తర్వాత టి.ఎన్. రామచంద్రన్. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాంకి శంకుస్థాపన చేసే నాటికి లోయ మునిగిపోతుందని తెలిసిపోయింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖవాళ్లు నీటితో పందెం వేసినట్టు లోయంతా తవ్వారు. దొరికినవాటిలో ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని ఒడ్డున అనుపుకి చేర్చి మళ్లీ కట్టారు. కొండ చుట్టూ నీళ్లు నిలిచి అది దీవి అయింది. 1966లో అక్కడే మ్యూజియం పెట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

మ్యూజియం భవనాన్నే బౌద్ధ విహారం నమూనాలో కట్టారు. లోపల ఉన్న శిల్పాలు పల్నాటి సున్నపురాయివి. బూడిద రంగులో కొంచెం ఆకుపచ్చ కలిసినట్టుంటుంది ఆ రాయి. దగ్గరికెళ్లి పక్క నుంచి చూడండి, ఎదురుగా చూసినప్పుడు కనిపించని గీతలు వెలుగు ఏటవాలుగా పడినప్పుడు తేలతాయి. బుద్ధుడి కథలు, జాతక కథలు పలకల మీద వరసగా సాగుతాయి. నాకు మాత్రం రాజుల కన్నా దానాలు చేసిన ఆడవాళ్లే ఎక్కువ ఆసక్తి కలిగిస్తారు. ఇక్కడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, పూర్తి చేయించింది ఇక్ష్వాకు రాజు శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ. ఆ సంగతి బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో, స్తంభాల మీద చెక్కించి పెట్టింది. రాజులు అశ్వమేధాలు చేస్తుంటే, ఇంటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలకు దానాలిచ్చారు. ఒకే ఇంట్లో రెండు దారులు, గొడవ పడ్డ దాఖలా లేదు.

పిల్లలకు బోరు కొట్టకుండా ఒక ఆట చెబుతాను. రాజప్రాసాదం దగ్గర దొరికిన స్తంభాల మీద ఒక సైనికుడున్నాడు. గడ్డం, కోసుగా ఉన్న టోపీ, పొడుగు కోటు, కింద పాంటు, చేతిలో ఈటె. మన ఊళ్ల వేషం కాదది, మధ్య ఆసియా వైపు శకుల వేషం. పక్కన ఇంకొకాయన కొమ్ము చేత్తో పట్టుకుని మద్యం తాగుతుంటాడు. ఆయన్ని చూస్తే గ్రీకు దేవుడు డయోనిసస్ గుర్తొస్తాడు. "కృష్ణ ఒడ్డున పాంటు వేసుకున్నాయన ఎక్కడున్నాడో కనిపెట్టు" అంటే మా అబ్బాయి మ్యూజియం మొత్తం జల్లెడ పట్టాడు.

ఇక మునిగిపోయిన లోయ నమూనా. ఏ కట్టడం ఎక్కడుండేదో చిన్న బొమ్మలుగా చూపిస్తారు. కిందటిసారి ఒక పెద్దావిడ ఆ నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక మూల వేలు పెట్టి, పక్కనున్న మనవరాలితో "ఇదిగో, ఇక్కడే మీ తాత వాళ్ల చేను" అంది. నిజమో కాదో నాకు తెలియదు. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది.

ఇదంతా హడావుడిగా చూస్తే గంట, కుదురుగా చూస్తే రెండు గంటలు. బయట తిరిగి కట్టిన స్తూపాలు, చైత్యాలు, బృహత్ శిలాయుగపు సమాధి చూడ్డానికి ఇంకో అరగంట. లాంచీ సాధారణంగా గంట, గంటన్నర ఆగి తిరిగి బయల్దేరుతుంది. మీకు ఎక్కువసేపు కావాలంటే తర్వాతి లాంచీలో రానిస్తారా అని ఎక్కేముందే అడిగి పెట్టుకోండి.

సొంత కారు

చేతిలో బండి ఉంటే టైము మనది. మాల్, మల్లేపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది, పొద్దున పూట డ్రైవింగ్ హాయిగా ఉంటుంది. లాంచీ లేదంటే అక్కడికక్కడే అనుపుకో, ఎత్తిపోతల జలపాతానికో తిప్పేయొచ్చు. ఖర్చు కూడా తక్కువే. వెళ్లి రావడం 300, అక్కడ తిరగడం 60, కలిపి 360 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే బండికి 24 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన 2,600 లోపు. నలుగురికి పంచితే మనిషికి 650.

చిక్కల్లా సాయంత్రమే. మూడోసారి నేను డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. చీకటి పడ్డాక ఇబ్రహీంపట్నం వైపు వస్తుంటే, వెనక లైటు లేని ట్రాక్టరు ఒకటి నా ముందు నల్లటి ముద్దలా ప్రత్యక్షమైంది. బ్రేక్ మీద కాలు పడింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఇంటి దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడే అనుకున్నాను, ఇద్దరు డ్రైవింగ్ వచ్చినవాళ్లు లేకపోతే ఒకే రోజులో సొంత కారు మీద వెళ్లకూడదని. ఇద్దరుంటే వెనక్కి వచ్చేటప్పుడు మార్చుకోవచ్చు, అప్పుడు దీన్ని మించింది లేదు.

డ్రైవర్ ఉన్న అద్దె కారు

ఖర్చు చూసి చాలామంది దీన్ని పక్కనపెడతారు. లెక్క వేసి చూద్దాం. చిన్న కారుకి కిలోమీటరుకు 14 అడిగారనుకుందాం, 360 కిలోమీటర్లకు 5,040. డ్రైవర్ బత్తా 500. మొత్తం 5,500 పైచిలుకు. నలుగురికైతే మనిషికి దాదాపు 1,400. పెద్ద బండికి కిలోమీటరుకు 18 అనుకున్నా ఏడు వేల లోపు అవుతుంది, ఆరుగురు ఎక్కితే మనిషికి 1,200 దాటదు. సొంత కారుతో పోలిస్తే మనిషికి ఐదారొందలు, మహా అయితే ఏడెనిమిదొందలు తేడా. ఆ డబ్బుకి రానూ పోనూ ఆరు గంటల నిద్ర, సాయంత్రం టెన్షన్ లేకపోవడం, ముసలివాళ్లను రేవు దగ్గరే దించే వీలు దొరుకుతాయి.

అమ్మకు మోకాళ్ల నొప్పి. డ్రైవర్ బండిని వీలైనంత దగ్గరికి తీసుకొచ్చి దించాడు. మేం లాంచీలో వెళ్లొచ్చేసరికి నీడలో పెట్టి ఏసీ వేసి ఉంచాడు. సొంత కారులో అయితే దించి, పార్కింగ్ వెతికి, పరిగెత్తి, లాంచీ అందుకోవాల్సింది నేనే.

దీనికీ ఒక లోపముంది. డ్రైవర్‌కి ఆ ఊరు తెలియకపోతే అతనూ మీలాగే ఫోన్‌లో మ్యాప్ చూస్తాడు. మాకు వచ్చినతను మొదట నేరుగా డ్యాం దగ్గరికి తీసుకెళ్లి "ఇదే సార్ సాగర్" అన్నాడు. డ్యాం మీదికి ఎవర్నీ పంపరు. లాంచీ ఎక్కడ్నుంచని అడిగితే ముఖం తెల్లబోయింది. అందుకే రేవు పేరు మీరే ముందుగా చెప్పాలి. ఆ సంగతి కింద రాశాను.

ప్యాకేజీ బస్సు

టికెట్ తీసుకుంటే మిగతాదంతా వాళ్లే చూసుకుంటారు. లాంచీ సీట్లు కూడా చాలా ప్యాకేజీల్లో కలిసే ఉంటాయి, క్యూలో నిలబడక్కర్లేదు. ఒంటరిగా వచ్చేవాళ్లకి, కారు నడపడం ఇష్టంలేని జంటలకి, రిటైరైన స్నేహితుల గుంపులకి బాగానే ఉంటుంది.

నాకు మాత్రం గుర్తున్నది ఒక హోటల్ ముందు గంటసేపు నిలబడ్డ బస్సు. పొద్దున టిఫిన్‌కి ఇరవై నిమిషాలన్నారు, నలభైమంది దిగి ఎక్కేసరికి గంటైంది. దాంతో రేవుకి చేరేసరికి మొదటి లాంచీ వెళ్లిపోయింది. రెండోది మధ్యాహ్నం. అంతసేపు ఆగే వీల్లేదని గైడు అందర్నీ బస్సెక్కించి ఎత్తిపోతలకి తీసుకెళ్లాడు. మా మామగారు ఆయుష్షులో ఒక్కసారైనా నాగార్జునకొండ చూడాలని వచ్చిన మనిషి, కిటికీలోంచి నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. నేను గట్టు మీద దండం పెట్టింది ఆ రోజే. నలభైమందిలో ఆలస్యం ఎవరిదైనా కావచ్చు, నష్టం మాత్రం అందరిదీ.

ప్యాకేజీ బుక్ చేసేముందు అడగాల్సింది ఒక్కటే: "ఏ లాంచీకి, ఎన్నింటికి?" జవాబు తడబడితే వదిలేయండి.

ఆర్టీసీ

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి సాగర్ బస్సులున్నాయి. అందరికన్నా తక్కువ ఖర్చు. అక్కడ దిగి ఆటో మాట్లాడుకుంటే రేవుకి తీసుకెళ్తాడు. కుర్రవాళ్లకి, వీపున సంచి వేసుకుని తిరిగేవాళ్లకి ఇదే బాగుంటుంది. మేం నలుగురు ఫ్రెండ్స్ తెల్లవారుజాము బస్సు పట్టుకుని, లాంచీలో మరమరాలు తింటూ వెళ్లాం. ఆ రోజు మేం కంగారు పడింది చివరి బస్సు కోసం మాత్రమే. అనుపుకి, ఎత్తిపోతలకి కూడా వెళ్లాలంటే మాత్రం ఆటోకి ఇచ్చే డబ్బుతో సరదా కాస్తా తగ్గుతుంది. పిల్లలున్న ఇల్లు ఈ పద్ధతి ఎంచుకోవద్దు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| చూసేది | సొంత కారు | అద్దె కారు | ప్యాకేజీ బస్సు | ఆర్టీసీ |
|---|---|---|---|---|
| పొద్దున లాంచీ అందుతుందా | మీరు లేస్తే | డ్రైవర్ టైముకొస్తే | మిగతావాళ్లను బట్టి | తొలి బస్సు పట్టుకుంటే |
| లాంచీ లేకపోతే | వెంటనే వేరే చోటికి | వెంటనే వేరే చోటికి | గైడు ఇష్టం | ఆటో బేరం |
| మ్యూజియంలో ఆగే వీలు | బాగా | బాగా | తక్కువ | ఫర్వాలేదు |
| తిరుగు ప్రయాణం | అలసట మీది | నిద్రపోవచ్చు | నిద్రపోవచ్చు | సీటు దొరికితే |
| పెద్దవాళ్లతో | కష్టమే | ఇదే మేలు | ఫర్వాలేదు | వద్దు |
| ఖర్చు | తక్కువ | నలుగురు, ఆరుగురైతే ఫర్వాలేదు | మధ్యస్థం | అన్నిటికన్నా తక్కువ |

ఏ ఒడ్డు నుంచి ఎక్కాలి?

చాలామంది ఇక్కడే తికమకపడతారు. సాగర్ రెండు రాష్ట్రాల మధ్య ఉంది. ఎడమ ఒడ్డు తెలంగాణ, నల్గొండ జిల్లా. కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, పల్నాడు జిల్లా. తెలంగాణ వైపు లాంచీ హిల్ కాలనీ నుంచి, ఆంధ్ర వైపు విజయపురి సౌత్ నుంచి. దీవి మాత్రం ఆంధ్రది. డ్యాం దిగువన వంతెన దాటితే ఆ వైపుకి వెళ్లొచ్చు. వాన బాగా పడి 26 గేట్లలో కొన్నైనా ఎత్తిన రోజైతే ఆ వంతెన మీద నుంచి చూసినా చాలు, తుంపర వచ్చి ముఖాన పడుతుంది.

హైదరాబాద్ వాళ్లకి హిల్ కాలనీ దగ్గర, బండి రాష్ట్రం దాటక్కర్లేదు. అయితే అనుపు, ఎత్తిపోతల రెండూ కుడి ఒడ్డు వైపే. అవి కూడా చూద్దామనుకుంటే విజయపురి సౌత్ నుంచి ఎక్కడమే మంచిది. దిగగానే బండి అటు మళ్లించొచ్చు. గుంటూరు, నరసరావుపేట వైపు నుంచి మాచర్ల మీదుగా వచ్చేవాళ్లకి ఈ చర్చే అక్కర్లేదు, రేవు వాళ్ల దారిలోనే ఉంది. పక్కనే ఉన్న మాచర్ల వాళ్లైతే సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరతారు, వాళ్లను చూస్తే అసూయ.

ముందురోజు సాయంత్రం ఏ వైపు లాంచీ నడుస్తోందో రేవుకి ఫోన్ చేసి కనుక్కోండి. ఒకవైపు నడిచి ఇంకోవైపు ఆగిన రోజులూ ఉంటాయి.

లాంచీ లేకపోతే: అనుపా, బుద్ధవనమా?

నా ఓటు అనుపుకి. మునిగిపోయిన లోయ నుంచి తెచ్చి కట్టిన విహారం, రంగస్థలం లాంటి రాతి మెట్ల కట్టడం అక్కడున్నాయి. నాలుగువైపులా మెట్లు, మధ్యలో చదరం. ఒకరు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి, పై మెట్టు మీద కూర్చున్న మనిషికి పక్కనే కొట్టినట్టు వినిపిస్తుంది. దీవి మీద మ్యూజియంలో చూసేవన్నీ గోడల మధ్య ఉంటాయి. ఇక్కడ రాయి మీద కూర్చుని బిస్కెట్లు తినొచ్చు. లాంచీ లేదని ఏడ్చే పిల్లల్ని అనుపు పది నిమిషాల్లో మరిపిస్తుంది. అక్కడి నుంచి ఎత్తిపోతల: చంద్రవంక వాగు 70 అడుగుల మీంచి దూకుతుంది, కింద మొసళ్ల పెంపకం కేంద్రం ఉంది. వేసవిలో నీళ్లు సన్నబడతాయి, ఆగస్టు తర్వాతే దాని జోరు.

బుద్ధవనం తెలంగాణ ఒడ్డున ఉంది. 274 ఎకరాల్లో కట్టి 2022 మే 14న ప్రారంభించారు. అమరావతి స్తూపం నమూనాలో కట్టిన పెద్ద స్తూపం, జాతక వనం, బుద్ధచరిత వనం, శ్రీలంకలోని అవుకన బుద్ధుణ్ని పోలిన విగ్రహం ఉన్నాయి. చూడ్డానికి అందంగా, శుభ్రంగా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. అయితే అన్నీ కొత్తవి. పాత రాయి చూద్దామని వచ్చినవాళ్లకి కొంచెం వెలితిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, వంతెన దాటి అవతలికి వెళ్లే ఓపిక లేనివాళ్లకి మాత్రం ఇదే తేలిక. మా అమ్మకి బుద్ధవనం నచ్చింది, నాన్నకి అనుపు. ఇంటికొచ్చేదాకా వాదించుకున్నారు.

మీరెవరైతే ఏది?

అమెరికా నుంచి వచ్చి రెండు వారాలే ఉండేవాళ్లు, అమ్మానాన్నలతో కలిసి వెళ్లాలనుకుంటే ఆలోచించకుండా అద్దె కారు తీసుకోండి. జెట్ లాగ్ మీద సాగర్ రోడ్డు నడపొద్దు.

చిన్న పిల్లలున్నవాళ్లకీ అదే చెబుతాను, ఇద్దరు పెద్దవాళ్లకి డ్రైవింగ్ వచ్చి ఉంటే తప్ప. అలాంటి ఇంటికి సొంత కారే. పిల్లల సీటు, పాల సీసా, మార్చుకునే బట్టలు అన్నీ అందులోనే ఉంటాయి.

చరిత్ర మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు, అంటే శాసనం ముందు పావుగంట నిలబడేవాళ్లు, ప్యాకేజీ బస్సు జోలికి వెళ్లకండి. బస్సులో మిగతా ముప్పై తొమ్మిదిమంది మిమ్మల్ని క్షమించరు. మీకు ఆర్టీసీ, అద్దె కారు రెండూ సరే. జేబును బట్టి చూసుకోండి. రెండుసార్లు వెళ్లే వీలుంటే ఒకసారి దీవికి, ఇంకోసారి అనుపుకి పెట్టుకోండి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు అడిగితే నేను ప్యాకేజీ బస్సో, తొలి ఆర్టీసీయో చెబుతాను. చీకటి పడ్డాక తెలియని డ్రైవర్‌తో మూడు గంటల ప్రయాణం కన్నా జనంలో రావడం నయం. తెలిసిన బండి అయితే వేరే మాట.

పది పన్నెండు మంది బంధువులు కలిసి వెళ్తుంటే టెంపో ట్రావెలర్ మాట్లాడండి. పద్ధతి అద్దె కారుదే, మనిషికి ఖర్చు ఇంకా తగ్గుతుంది. అందులో ఆలస్యం చేసే పెద్దమనిషి ఎవరో మీకు ముందే తెలుసు కాబట్టి ఆయనకి అరగంట ముందు టైము చెప్పండి.

అద్దె కారు మాట్లాడేటప్పుడు

కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్కపెడతారో అడగండి. చాలామంది గ్యారేజీ టు గ్యారేజీ లెక్కేస్తారు. మీరు ఉప్పల్‌లో ఉండి బండి గచ్చిబౌలి నుంచి వస్తే రానూ పోనూ అరవై, డెబ్భై కిలోమీటర్లు మీ బిల్లులోనే పడతాయి. రోజుకి కనీసం 300 కిలోమీటర్లకు డబ్బు కట్టాలనే షరతు కూడా మామూలే. మన ప్రయాణం ఎలాగూ అది దాటుతుంది కాబట్టి దాని గురించి బేరమాడి టైము వృథా చేసుకోవద్దు.

అనుపు, ఎత్తిపోతల చూడాలంటే ఆంధ్రలోకి దాటతారు. పసుపు నంబరు ప్లేటు బండికి అవతలి రాష్ట్రం పర్మిట్ ఉందా, లేకపోతే ఆ పన్ను ఎవరు కడతారు అన్నది బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి. వంతెన మీద ఆపినప్పుడు "అది మీరే కట్టాలి సార్" అంటే అప్పుడు చేసేదేం లేదు. బత్తాలో భోజనం కలిసిందా, రాత్రి ఎన్నింటి తర్వాత నైట్ చార్జీ వేస్తారు అన్నవి కూడా అడగండి. మేం తొమ్మిదిన్నరకల్లా ఇల్లు చేరేలా లెక్కేసుకుని ఆ చార్జీ తప్పించుకున్నాం.

డ్రైవర్‌కి ముందురాత్రే మెసేజ్ పెట్టండి. "డ్యాం" అనో "సాగర్" అనో కాకుండా "హిల్ కాలనీ లాంచీ స్టేషన్" అనో, "విజయపురి సౌత్ లాంచీ స్టేషన్" అనో రాయండి. ఎన్నింటికి అక్కడ ఉండాలో కూడా రాయండి. సాయంత్రం ఐదు దాటకుండా అక్కడి నుంచి కదలాలని మొదట్లోనే చెప్పండి, లేకపోతే చేపల వేపుడు బండి దగ్గర ఆగిన మీ వాళ్లను కదిలించడం డ్రైవర్ వల్ల కూడా కాదు.

ఇంకొక్కటి, ఇది ఏ బండికైనా వర్తిస్తుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. గురువారం సాయంత్రం "రేపు లీవు పెట్టాను, సాగర్ పోదామా" అని ఫోన్ చేసే స్నేహితుడు ప్రతి ఒక్కరికీ ఒకడుంటాడు. వాడికి శనివారం అని చెప్పండి, సీట్లు మాత్రం ముందే పట్టుకోమనండి.